గ్లాసు అంచు మీద రెండుసార్లు

ఆ వానాకాలంలో నేను తొంభై గంటలు నోరు మూసుకుని ఒక కుర్చీలో కూర్చున్నాను. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఇప్పటికీ పూర్తిగా నమ్మరు. మా ఆయనైతే విన్న రోజే పగలబడి నవ్వాడు.

"తొంభై గంటలా? నువ్వా? టికెట్లు అమ్మమను, మొదటి వరసలో నేనే కూర్చుంటా."

ఆయనకేం, వడ్రంగి. చెక్కలు ఎదురు మాట్లాడవు. పిల్లల బడులకు కావలసిన ఘనాలూ, స్తంభాలూ, బొత్తాలు పెట్టడం నేర్చుకునే చట్రాలూ చేస్తాడు. ఇంటి ముందు ఆయన షెడ్డు, వెనక మేముండే గదులు, వాటిని ఆనుకుని మా బడి. ఆ బడి మా అత్తయ్య పెట్టింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు మాంటిస్సోరి పద్ధతిలో చదువు. బడి కంటే ఆవిడకు ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం పైన మేడగదిలో నడిచే టీచర్ల శిక్షణ క్లాసు. ముప్ఫై ఏళ్ళలో మూడొందల మంది టీచర్లు ఆ గదిలో నేర్చుకుని మెట్లు దిగి వెళ్ళారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. కాకపోతే దిగి వెళ్ళలేదు, ఆవిడ కొడుకును చేసుకుని అక్కడే పాతుకుపోయాను.

మోకాళ్ళు మొరాయించాక అత్తయ్య ఆ క్లాసు నాకు అప్పగించింది. ఆరేళ్ళు దర్జాగా నడిపాను. అంతలో మా క్లాసుకు గుర్తింపు ఇచ్చే బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ళకు మాంటిస్సోరి ఉపాధ్యాయ శిక్షణలో మాస్టర్స్ డిగ్రీ ఉండి తీరాలట. లేకపోతే క్లాసు మూసేయాలట. అత్తయ్య ఆ ఉత్తరాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

"నేను పోయాకే నా క్లాసుకి తాళం పడుతుందనుకున్నానే అమ్మాయ్" అంది.

ఆవిడ గొంతు అంత నీరసంగా నేనెన్నడూ వినలేదు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "డిగ్రీయే కదా అత్తయ్యా, తెచ్చి మీ ఒళ్ళో పడేస్తాను" అని అక్కడికక్కడే కోతలు కోశాను. నలభై నాలుగేళ్ళ వయసులో పుస్తకాల సంచీ భుజాన వేసుకున్నాను.

రెండేళ్ళలో రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఆ వానాకాలమే. వేరే బడిలో తొంభై గంటలు పిల్లల్ని పరిశీలించాలి, అందులోంచి ఒక పరిశోధన రాయాలి, వానలు తగ్గేలోపు పరీక్షకుల ముందు నిలబడి దాన్ని నెగ్గించుకోవాలి. నెగ్గకపోతే మేడగదికి కొత్త బ్యాచి రాదు.

మా గైడు నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. సన్నగా, నిటారుగా, గొడుగు కర్రలా ఉండేది. కోర్సులో అందరూ చాటుగా ఆవిణ్ణి ఎర్రపెన్ను అనేవాళ్ళం. మొదటివారం నేను రాసిన పరిశీలన పుస్తకం పట్టుకెళ్ళి గర్వంగా ముందు పెట్టాను. ఎడమవైపు టైము, కుడివైపు నేను చూసిన సంగతి. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: "9.10. నాలుగేళ్ళ పాప ఎంతో ఉత్సాహంగా నీళ్ళు పోసే పని ఎంచుకుంది. పాపం, కొంచెం ఒలికాయి. చాలా సిగ్గుపడింది."

ఎర్రపెన్ను చకచకా కొట్టేసుకుంటూ పోయింది. చివరికి మిగిలింది: "9.10. పాప. నీళ్ళు ఒలికాయి."

"ఉత్సాహం మీకెక్కడ కనపడింది మేడమ్?"

"ముఖంలో."

"ముఖంలో ఏం కనపడింది?"

"పళ్ళు."

"అయితే పళ్ళు కనపడ్డాయని రాయండి."

ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని, నాకు ఉత్సాహమంటే తెలీదా? తడిసిన గొడుగును మా ఇంటి గుమ్మంలో విసిరికొట్టి, "పళ్ళు లెక్కపెట్టడానికా నేను మాస్టర్స్ చేరింది?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాను.

"నీ పళ్ళ సంగతైతే షెడ్డులోకి వినపడుతోంది, నువ్వు అక్కడ నూరుతుంటే" అన్నాడు మా ఆయన రంపం ఆపకుండానే.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "ఆ పిల్ల చెప్పింది నిజమే. మనం పాఠం చూపించేటప్పుడు నోరెందుకు మూసుకుంటాం? పిల్లలు చేతులు చూడాలని. నువ్వూ అదే చెయ్యి" అంది.

మా పద్ధతిలో అదొక నియమం. గ్లాసులో నీళ్ళు పోయడమైనా సరే, పిల్లవాడి పక్కన కూర్చుని, ఒక్క మాట లేకుండా, నిదానంగా చేసి చూపిస్తాం. మాట్లాడితే పిల్లలు మూతి వైపు చూస్తారు, చేతుల్ని వదిలేస్తారు. శిక్షణకు వచ్చిన అమ్మాయిలకు అత్తయ్య మొదటిరోజే చెప్పే మాట, "నన్ను వినకండి, నా చేతులు చూడండి" అని.

రెండోవారం నుంచి నిజంగా నోరు కట్టేసుకున్నాను. ఆ బడిలో ఒక పిల్ల ఉండేది, అందరూ పిడుగు అని పిలిచేవాళ్ళు. ఆ పిడుగు ఒకరోజు నడుముకి కట్టుకునే గుడ్డకు వెనక ముడి వేసుకోవడానికి పదకొండు నిమిషాలు తిప్పలు పడింది. నా చేతులు దురద పెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. పన్నెండో నిమిషంలో ముడి పడింది. పిడుగు నా వైపు చూడనైనా చూడలేదు, నీళ్ళ జగ్గు తీసుకుని వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళలో నేను ఎంతమంది పిల్లల ముడులు లాక్కుని వేశానో అప్పుడు తట్టి సిగ్గేసింది. అది పుస్తకంలో రాయలేదు, కనపడేది కాదు కాబట్టి.

మూడోవారం పుస్తకం చూస్తూ ఎర్రపెన్ను ఒకచోట ఆగింది.

"ఇదేంటి? 'పోసే ముందు ఎడమ చూపుడువేలితో గ్లాసు అంచును రెండుసార్లు తాకింది.' మళ్ళీ ఇక్కడ ఇంకో పిల్లవాడు. ఇక్కడ పిడుగు. ఎందుకు తాకుతున్నారు?"

"అదే పద్ధతి మేడమ్" అన్నాను. ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు ఒక చిరునవ్వు కూడా పారేశాను.

"ఎవరి పద్ధతి? నాకు శిక్షణలో ఎవరూ చూపించలేదే. పాఠంలో ఒక్క కదలిక కూడా ఊరికే ఉండకూడదు కదా. దీని పనేంటి?"

"ఏకాగ్రత" అన్నాను ఠక్కున. "పిల్లల చూపు గ్లాసు మీదకి రావడానికి."

"ఏ ఆల్బంలో ఉందో రేపు చూపించండి."

మా వృత్తిలో ఆల్బం అంటే ఫోటోలది కాదు. ఏ పాఠం ఎలా చూపించాలో, ఏ చెయ్యి ఎప్పుడు కదలాలో, శిక్షణలో ఉండగా ప్రతి టీచరూ చేత్తో రాసుకునే లావుపాటి పుస్తకం. ఆ సాయంత్రం అత్తయ్య ఆల్బం తీశాను, నాదీ తీశాను. నా దాంట్లో ఉంది: "అంచును రెండుసార్లు తాకాలి." అత్తయ్య దాంట్లో లేదు. ఆవిడ గురువుగారి పాత ప్రతిలో అసలే లేదు. జగ్గు ఎత్తాలి, గ్లాసు మీదకు తేవాలి, పోయాలి. అంతే.

నాకు తల తిరిగిపోయింది. తెల్లారి పిల్లలు రాగానే మా బడిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై ఆరుమంది పిల్లల్లో నీళ్ళు పోసే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ గ్లాసు అంచు మీద టక్ టక్. వంటింట్లోకి వచ్చి టీ పోస్తూ చూసుకుంటే నా వేలూ టక్ టక్. షెడ్డులోకి పరుగెత్తాను. మా ఆయన పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి జిగురు వంచుతున్నాడు.

"ఆగు! ఆ వేలేంటి?"

"ఏ వేలు?" అని తన చేతికేసి తనే వింతగా చూసుకున్నాడు. "ఇదెప్పట్నుంచి చేస్తున్నానే?"

ఆ మధ్యాహ్నం నేను తల దించుకుని ఎర్రపెన్ను ఎదురుగా కూర్చున్నాను. "ఏ ఆల్బంలోనూ లేదు మేడమ్. ఆ బడిలో నలుగురు టీచర్లున్నారు. ముగ్గురు మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళ పిల్లలు తాకుతున్నారు. నాలుగో ఆవిడ వేరేచోట నేర్చుకుంది. ఆవిడ పిల్లలు తాకరు."

తిడుతుందనుకున్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, నేను చూస్తుండగా మొదటిసారి నవ్వింది. పళ్ళు కనపడ్డాయి.

"మేడమ్, మీ పరిశోధన ఇదే. ఒక కదలిక ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారింది, ఎందుకు. ఆ ఎందుకు అన్నది దొరికితే మిమ్మల్ని ఎవరూ ఆపలేరు."

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. మా దగ్గర నేర్చుకుని వెళ్ళిన టీచర్లకు వరసబెట్టి ఫోన్లు చేశాను. నలభై ఒక్కమంది దొరికారు. అందరూ తాకుతారు, తాకమని నేర్పుతారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కథ. గ్లాసుకు మర్యాద ఇవ్వడమని ఒకావిడ. చప్పుడు కాకుండా పోయడానికని ఇంకొకావిడ. ఒకావిడైతే, వేలికొసలోని నరాలు మెదడును మేలుకొలుపుతాయని పావుగంట ఉపన్యాసం ఇచ్చింది. నవ్వుకున్నాను గానీ, ఏకాగ్రత అని ఆరేళ్ళుగా మేడగదిలో దంచింది నేనే కదా. ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. ఒకమ్మాయి అడిగితే తెలీదని చెప్పడానికి నామోషీ వేసి పుట్టించాను.

అందరికంటే పాతవాళ్ళు చెప్పింది ఒక్కటే: "పెద్ద టీచరుగారు అలాగే చేసేవారు."

పెద్ద టీచరు అంటే మా అత్తయ్యే. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతుంటే వెళ్ళి అడిగేశాను. ముందూ వెనకా చూసుకోకుండా అడగడం నాకున్న జబ్బు.

"అత్తయ్యా, పోసే ముందు గ్లాసు అంచు తాకడం ఎందుకు నేర్పారు?"

ఆవిడ చేతులు ఆగాయి. "నేనెప్పుడూ అలా నేర్పలేదు."

"మూడొందల మంది చేస్తున్నారు మరి."

"నా నోటివెంట ఆ మాట రాలేదంటున్నానా? నా తప్పులు వెతికి డిగ్రీ తెచ్చుకుంటావా? నా క్లాసు నిలబెడతానని చెప్పి నా మీదే రాస్తావా?"

"తప్పని ఎవరన్నారు? కారణం అడిగానంతే."

"కారణమూ లేదు, కాకరకాయా లేదు. అంత అనుమానమైతే కుర్చీ వేసుకుని కూర్చో, నా చేతులు చూసుకో. ఎక్కడ తాకుతున్నానో రాసుకో."

కోపంగానే అంది. నేనూ మొండిదాన్నే. మర్నాడు ఉదయం ఏడింటికి వంటింటి మూల కుర్చీ వేసుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన మా ఇద్దరినీ చూసి, కిమ్మనకుండా టీ కప్పు పట్టుకుని షెడ్డులోకి తప్పుకున్నాడు.

మొదటిరోజు అత్తయ్య అంచు తాకకుండా పోసింది. నీళ్ళు గ్లాసు పక్కన బల్ల మీద పడ్డాయి. "జగ్గు బరువెక్కింది" అంది. రెండోరోజూ తాకలేదు, రెండోరోజూ ఒలికాయి. మూడోరోజు వేలు దానంతటదే అంచు మీదకు వెళ్ళింది. ఒకసారి, ఇంకోసారి. ఒక్క చుక్క బయట పడలేదు.

చూసింది చూసినట్టు రాస్తూ పోయాను. 7.05, గ్లాసును బల్ల అంచుకు జానెడు లోపలికి పెట్టింది. 7.12, కొడుకు ఎడమవైపు నుంచి మాట్లాడితే తల పూర్తిగా తిప్పి చూసింది. 7.20, మెట్టు దిగే ముందు కాలి బొటనవేలితో మెట్టును వెతికింది. 7.31, సూదిలో దారం ఎక్కించడానికి తొమ్మిదిసార్లు ప్రయత్నించి పక్కన పెట్టింది. ఒక్కొక్కటే అయితే ఏమీ లేదు, డెబ్భై రెండేళ్ళ మనిషి. కానీ అన్నీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

ఐదోరోజు మా ఆయన నీళ్ళ గ్లాసు తెచ్చి, వాళ్ళమ్మ ఎడమ మోచేతి పక్కన పెట్టి, తొందరలో ఉండి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్ర చేతిలో పట్టుకుని బల్ల మీద చూసింది.

"వీడు నీళ్ళు పెట్టకుండానే వెళ్ళిపోయాడా?"

గ్లాసు ఆవిడ చేతికి బెత్తెడు దూరంలో ఉంది. గోడ మీద టైము చూసి 7.40 అని వేశాను. లేచి వెళ్ళి, గ్లాసును చుట్టూ తిప్పి కుడివైపు పెట్టి, "ఇదిగో అత్తయ్యా" అన్నాను. తిరిగొచ్చి కూర్చుని 7.40 పక్కన ఏమీ రాయకుండా పుస్తకం మూసేశాను.

నాకు ఆ 'ఎందుకు' దొరికేసింది. ఎర్రపెన్ను అడిగిన 'ఎందుకు'. అది నాది కాదు. నలభై ఏళ్ళకు పైగా ఆవిడ కన్నకొడుక్కి కూడా తెలియకుండా దాచుకున్నది, నేను నా డిగ్రీ కోసం పదిమంది ముందు పరుస్తానా? చచ్చినా పరచను. ఏడుపొచ్చింది. అంతలోనే, ఇరవై ఏళ్ళు పక్కనే తిరుగుతూ ఒక్కసారి చూడలేకపోయానే అని నామీద నాకే అసహ్యమేసింది.

పరిశోధన రాయడం ముగించాను. నలభై ఒక్కమంది టీచర్లు, రెండు బడులు, మూడు ఆల్బంలు, పట్టికలు, బొమ్మలు. చివరి పేజీలో ఒక్క వాక్యం రాశాను: "ఈ కదలిక మొదలవడానికి కారణం తెలియలేదు."

ఎర్రపెన్ను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

"తెలియలేదా మేడమ్, రాయలేదా?"

నేను సంచీ భుజాన వేసుకున్నాను.

"ఈ పేజీ ఇలా ఉంటే పరీక్షకులు వెనక్కి పంపిస్తారు. ఇంకో ఏడాది పడుతుంది. మీ క్లాసు సంగతి మీకు తెలుసు."

"తెలుసు మేడమ్. వెనక్కి పంపితే పంపనివ్వండి. అది ఇలాగే ఉంటుంది."

గొడుగు మర్చిపోయి వానలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను. మాట నిలబెట్టుకోలేకపోతున్నానన్న దిగులు ఉంది గానీ, చేసిన పని సరైనదేనా అన్న అనుమానం మాత్రం రవ్వంత కూడా లేదు.

అత్తయ్యకు ఒక అలవాటు. శిక్షణలో ఎవరు ఏం రాసినా ఆవిడ చదవందే పరీక్షకు పోనివ్వదు. నా మీద ఎంత కోపమున్నా ఆ నియమం నియమమే. మరునాడు మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక మేడగదికి రమ్మంది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి నాకంటే ముందే కూర్చుంది. గదిలో ఎడమ గోడను ఆనుకుని ఉండే ఆ కుర్చీలోనే. అందరూ తనకు కుడివైపున ఉండేలా ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కూర్చున్నది ఆ కుర్చీలోనేనని అప్పుడు చూశాను.

పరిశోధనంతా చదివింది. చివరి పేజీ చదివింది. తర్వాత, నా సంచీలోంచి పరిశీలన పుస్తకం అడిగి తీసుకుని తిరగేసింది. బయట వాన పడుతోంది. ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఏడూ నలభై దగ్గర ఏమీ రాయలేదే?"

నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. "ఏమీ జరగలేదత్తయ్యా."

"నీకు తెలుసు."

నేను లేచి, జల్లు కొడుతున్న కిటికీ రెక్క మూశాను.

"అయిదారు రోజులైంది. నీకు తెలిసి కూడా ఇంట్లో ఒక్కమాట అనలేదు. వాడికి కూడా చెప్పలేదు." పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకున్నావే నువ్వు?"

ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ మెల్లగా చెప్పుకొచ్చింది.

"అయిదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ఎడమ కన్ను పోయింది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కదా, ఎవరికీ తెలీదు. మీ మామయ్యకి ఒక్కరికే చెప్పా. మొదటి ఉద్యోగానికి ముగ్గురం వెళ్ళాం. ముందు వెళ్ళిన పిల్ల సరిగ్గా చూడలేక తడబడింది. చూపు ఆనని మనిషికి పసిపిల్లల్ని అప్పగించలేమని మొహం మీదే చెప్పి పంపేశారు. తర్వాత నన్ను పిలిచి నీళ్ళు పోసి చూపించమన్నారు. ఒంటి కంటితో గ్లాసు ఎంత దూరంలో ఉందో తెలీదు అమ్మాయ్. వేలితో తాకి చూసుకున్నా. గట్టిగా తెలియడానికి ఇంకోసారి తాకా. ఉద్యోగం వచ్చింది."

"మరి మాకు..."

"మీకు నేర్పలేదు. కానీ మీరు చేస్తుంటే చూశా. మొదటి బ్యాచి నుంచే చూశా. మానెయ్యండంటే, మీరెందుకు చేస్తున్నారని అడుగుతారు కదా. ఊరుకున్నా. నా చేతులు చూడండి, నా చేతులు చూడండి అని నేనే మొత్తుకున్నా. చూశారు మరి." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మూడొందల మందికి నా భయం నేర్పానే అమ్మాయ్."

"భయం కాదత్తయ్యా, ఒలకకుండా పోయడం నేర్పారు" అన్నాను. ఓదార్పుకు అన్న మాట కాదు, నిజంగా అలాగే అనిపించింది.

ఆవిడ చెయ్యి చాపింది. "పెన్ను ఇలా తే."

చివరి పేజీలో నా వాక్యాన్ని కొట్టేసింది. కింద తన చేత్తో పదిహేను వరసలు రాసి, సంతకం పెట్టింది.

ఆ సాయంత్రమే కొడుకును పిలిచి చెప్పింది. మా ఆయన చాలాసేపు చేతికంటిన జిగురు గోక్కుంటూ నిలబడ్డాడు. "చిన్నప్పుడు బొమ్మలు గీసి తెచ్చి చూపిస్తే ఒక్కోసారి చూసేదానివి కాదు. నా మీద కోపమనుకునేవాణ్ణి" అన్నాడు. అత్తయ్య ఆయన తల నిమిరింది. నేను నా అంతట నేనే గదిలోంచి లేచి వెళ్ళిపోయాను, చూడాలని ఎంత ఉన్నా.

ఎర్రపెన్ను ఆ పేజీని ఎర్రపెన్ను చేత్తో పట్టుకునే చదివింది. "ఆ రోజు నాకు భయమేసింది" అని అత్తయ్య రాసిన వాక్యం దగ్గర పెన్ను కొస ఆగింది. కనపడనిది, రాయకూడనిది. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా పేజీ తిప్పింది.

పరీక్షకులు ముగ్గురు. గంటన్నర ప్రశ్నలడిగారు. నేను అడిగినదానికే జవాబు చెప్పాను, తెలియనిది తెలియదన్నాను, ఆపమన్న దగ్గర ఆపాను. మా ఆయన చూసి ఉంటే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. నెగ్గానని చెప్పాక బయటికొచ్చి అత్తయ్యకు ఫోను చేస్తే, "అంత సంబరమెందుకు, నేను దిద్దాక తప్పుతావా" అంది. ఆవిడ గొంతు మళ్ళీ ఎప్పటిలా ఖంగుమంది.

వానలు తగ్గిన వారానికి మేడగదిలో కొత్త బ్యాచి మొదలైంది. పదకొండు మంది అమ్మాయిలు, పదకొండు కొత్త ఆల్బంలు. అత్తయ్య వచ్చి తన కుర్చీలో కూర్చుంది. నేను చిన్న బల్ల ముందు కూర్చుని, జగ్గూ గ్లాసూ పెట్టుకుని, నోరు మూసుకుని, నీళ్ళు పోసే పాఠం చూపించడం మొదలుపెట్టాను. కుడిచేత్తో జగ్గు ఎత్తాను. అంతే, ఇరవై ఏళ్ళ అలవాటు, ఎడమ చూపుడువేలు అంచు వైపు దూకింది. చప్పున ఆపేశాను. వేలు గాలిలో నిలబడింది. వెనక్కి తీసుకుని, నీళ్ళు పోసి, జగ్గు దించాను.

పదకొండు పెన్నులు గబగబా రాస్తున్నాయి. పక్కనున్న అమ్మాయి పుస్తకంలోకి తొంగి చూశాను. "పోసే ముందు ఎడమ చూపుడువేలిని గ్లాసు పైన ఒక్క క్షణం గాలిలో ఆపాలి" అని రాసుకుంది. కింద గీత కూడా గీసింది.

అత్తయ్య కుర్చీలో కూర్చునే పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అమ్మాయిలు బిత్తరపోయి మా ఇద్దరినీ చూశారు.

"టీచర్" అంది వాళ్ళలో ఒకమ్మాయి భయంభయంగా, "ఆ వేలు ఎందుకు ఆపాలి?"

నోరు తెరిచాను. జవాబు నాలుక చివరే ఉంది. ఏకాగ్రత. మూసుకున్నాను. అత్తయ్య వైపు చూశాను.

ఆవిడ నవ్వు తుడుచుకుని, గోడను ఆనుకుని ఉన్న కుర్చీని రెండు చేతులతో ముందుకు జరుపుకుంది.

"అది నేను చెప్తా. కుర్చీలు తీసుకుని దగ్గరికి రండమ్మా. అటు కాదు, ఇటు, కుడివైపుకి. ఎడమ కంటికి చూపు లేదు నాకు."

పదకొండు కుర్చీలు బరబరా జరిగాయి. నేనూ నా కుర్చీ తీసుకుని వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను.